ఉత్తరానికి పారే నది

ఎడారి దేశంలో, అల్ అమెరాత్ అనే ఊళ్ళో, మా ఫ్లాటు కిటికీలోంచి చూస్తే బోడికొండలు, వాటి కింద ఎండిపోయిన వాదీ. వాన పడితే తప్ప ఆ వాగులో చుక్క నీరుండదు. అక్కడ పెరుగుతున్న మా అమ్మాయిని స్కూల్లో సైబీరియా నది నమూనా ఒకటి చేసుకురమ్మన్నారు. దాని పేరు కటున్. ఆల్తాయ్ కొండల్లో మంచు కరిగి పుడుతుంది. తూర్పు నుంచి వచ్చే బియా అనే నదితో కలిసి ఓబ్ నదిగా మారి, ఉత్తరాన గడ్డకట్టే సముద్రం దాకా పోతుంది.

మా దగ్గర బడి సెలవులు శుక్ర, శనివారాలు; ఆదివారానికల్లా ఇవ్వాలి. శుక్రవారం పొద్దున్నే మా ఆయన రంగంలోకి దిగారు. ఆయన సివిల్ ఇంజనీరు. ముందు పాఠం చదవమంటే, "నది గీయడానికి పాఠమెందుకే?" అన్నారు.

నేను వంటింట్లోంచి వచ్చేసరికి థర్మోకోల్ అట్ట మీద పైన కొండలు, కింద నీలం సముద్రం. రంగు కూడా ఆరిపోతోంది.

"నాన్నా, తలకిందులుగా చేసేశావు. కొండలు కిందుండాలి," అంది అమ్మాయి.

"నది ఎక్కడైనా పైకి పారుతుందా? గోదావరి చూళ్ళేదూ నువ్వు?"

"పైకి కాదండీ, ఉత్తరానికి. పటంలో ఉత్తరం పైనుంటుంది, అక్కడ పల్లం అటే ఉంది," అన్నాను.

ఆయన ఒక్క క్షణం ఆలోచించి అట్టను గిర్రున తిప్పి పెట్టారు. "అయిపోయింది. దీనికింత గోలా!"

అక్షరాలన్నీ తిరగబడ్డాయి. అంతకంటే ఘోరం, తూర్పున ఉండాల్సిన బియా పడమటికి పోయింది. అమ్మాయి ఏడుపు లంకించుకుంది.

"బియాని ఎవరు చూస్తారే!" అన్నారాయన.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీ సైట్‌లో ప్లాను తిరగేసి పట్టుకునే కడుతున్నారా?"

ఆయన టీ పెట్టమన్నారు.

శనివారమంతా నేనూ అమ్మాయీ కొండల్ని చాకుతో పెకలించి, కిందివైపు మళ్ళీ అతికిస్తూ కూర్చున్నాం. తెల్లటి పూసలు ఎగిరి ఇడ్లీ పిండిలో పడ్డాయి. జిగురు అయిపోతే ఆయన్ని పంపాను. రెండు గంటల తర్వాత, గోడలకి టైల్స్ అతికించే సరుకు డబ్బా తెచ్చారు. "ఇది గట్టిది," అన్నారు. గట్టిదే. ఆల్తాయ్ కొండలు ఊడలేదు గానీ, ఆదివారం ఆ అట్టను కారెక్కించడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది.

క్లాసులో టీచర్ ఒకే ప్రశ్న అడిగిందట: దక్షిణాన ముందు మంచు కరిగి, ఉత్తరాన నది ఇంకా గడ్డకట్టే ఉంటే ఏమవుతుంది? "నీళ్ళకి దారుండదు, ఒడ్డు దాటి పొంగుతాయి," అందట అమ్మాయి. టీచర్ మెచ్చుకుందట.

సాయంత్రం ఆయన ఫోన్‌లో స్నేహితుడితో అంటున్నారు: "మొత్తం నేనే చేశాన్రా. అక్కడి నదులు ఉత్తరానికి పోతాయి. చాలామందికి తెలీదు."

అమ్మాయి పకపకా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.