వెనక్కి పాకిన చుక్కలు

మధ్యాహ్నం మూడింటికి నాగాయలంక దగ్గరి బంకులో ఉన్నవి: మూడు అరల డీజిల్ ట్యాంకర్ ఒకటి, డీజిల్ లోతు కొలిచే ఇత్తడి డిప్ రాడ్ ఒకటి, పడవలవాళ్లు తెచ్చిన ఖాళీ క్యాన్లు పదకొండు. మనుషులు: క్యాన్లవాళ్లు, బంకు యజమాని, ట్యాంకర్ డ్రైవరు, పాలిటెక్నిక్ పూర్తిచేసి అక్కడ సరుకు కొలిచి దింపించుకునే పనిలో చేరిన నేను.

ఎండకు ట్యాంకు మూతల మీద గాలి వణుకుతోంది. దాని వెనక వరిచేలు నీళ్లలో మునిగినట్టు కదులుతున్నాయి.

ట్యాంకును అరలుగా ఎందుకు విడదీస్తారో చదువుకున్నాను. డీజిలంతా ఒకే గదిలో ఉంటే బ్రేకు వేయగానే ముందుకొచ్చి బండిని తోసేస్తుంది. అరలున్నా అల ఉంటుంది. బండి ఆగాక ఇనుముకు చెవి ఆనిస్తే, లోపల ఒడ్డును తడుముతున్న చప్పుడు.

"పడుకోనివ్వండి బాబూ. ఆయిల్ పడుకున్నాకే రాడ్ దించాలి" అన్నాడు డ్రైవరు. ఆయనకు యాభై దాటాయి.

చప్పుడు ఆగాకే కొలిచాను. రెండరలు సరిపోయాయి. ముందు అర మాత్రం చలానాలో ఉన్నదానికంటే ఒక సెంటీమీటరు తక్కువ. అంటే ముప్పై లీటర్ల పైమాట.

"దార్లో ఎక్కడ దింపావోయ్?" అన్నాడు యజమాని.

"సీళ్లు మీ చేత్తోనే తెంపారు కదండీ."

"ఆ సంగతి నాకు చెప్పకు. చల్లపల్లిలో ఆగి టీ తాగావా, డీజిల్ తాగావా?"

క్యాన్లవాళ్లు నవ్వారు. డ్రైవరు నవ్వలేదు. చలానా మీద తక్కువని రాస్తే రేపటి నుంచి ట్రాన్స్‌పోర్టువాళ్లు ఆయనకు బండి ఇవ్వరు.

"రాసేముందు ఇంకోసారి చూడండి బాబూ" అన్నాడు నాతో, మెల్లగా.

మళ్లీ ఎక్కి చూశాను. అదే కొలత. దిగబోతుంటే, రాడ్ నుంచి కారిన చుక్కలు ట్యాంకు పైన ఒకదాని వెనక ఒకటి వెనక్కి పాకుతూ కనిపించాయి. వాటిని కలలో చూస్తున్నట్టు చాలాసేపు చూశాను.

దివిసీమలో నేల వాలును ఎవరూ అనుమానించరు. కాలువ తప్ప పల్లం లేదు కనక, బండి ఎక్కడ ఆపితే అక్కడ సమమే అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఆ ఆవరణ రొయ్యల చెరువు మట్టితో మెరక చేసింది. వెనక చక్రాలు అందులో దిగబడ్డాయి. మిగతా రెండు అరలకు కొలిచే రంధ్రం నడిమధ్యలో ఉంటే, ముందు అరకు ముందువైపు ఉంది. డీజిల్ వెనక్కి ఒరిగి ఆ రంధ్రం కింద తగ్గింది.

పక్కన గోడ కడుతున్న మేస్త్రీ దగ్గర ఎత్తుపల్లాలు చూసే నీళ్ల లెవెల్ పైపు అడిగి తెచ్చాను.

"ఏంటి ఇంజనీరూ, బండికి గోడ కడతావా?" అన్నాడు యజమాని.

పైపు పట్టి చూస్తే ట్యాంకు వెనకభాగం ఎనిమిది సెంటీమీటర్లు కిందికి ఉంది. డ్రైవరు బండిని సిమెంటు గచ్చు మీదికి మార్చాడు. లోపల అల మళ్లీ లేచింది. అందరం దాని కోసం నిలబడ్డాం. అది నిద్రపోయాక రాడ్ దించాను.

చలానాతో తేడా ఒక్క మిల్లీమీటరు.