వేంపల్లె ఓబుళేశులు బతికి బయటపడిన వైనం

వేంపల్లె అచ్చు చరిత్ర ఎవరైనా రాస్తే దాన్ని రెండు యుగాలుగా విడదీయక తప్పదు. కంప్యూటర్‌లో 'రీప్లేస్ ఆల్' నొక్కే ముందు చాంద్ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకునే అలవాటు లేని యుగం ఒకటి, ఉన్న యుగం ఒకటి. మొదటి యుగం ఒకానొక మంగళవారం ముగిసింది.

చాంద్ బస్టాండు వెనక డీటీపీ సెంటర్ నడుపుతాడు. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, కర్మలు, ఏ పత్రికలైనా అతని చేతిమీదుగానే పోతాయి. ఒక్కో పత్రిక మాటర్‌ను ఒక్కో టెక్స్ట్ ఫైలుగా, అన్నింటినీ ఒకే ఫోల్డర్‌లో దాచుకుంటాడు. పత్రికలో పెద్దల పేరు ముందు, మనిషి ఉంటే 'శ్రీ', పోతే 'కీ.శే.' పడాలి. ఇక్కడ తేడా వస్తే ఇళ్ల మధ్య మాటలు ఆగిపోతాయి.

ఆ మంగళవారం ఉదయం ప్రవీణ్ వచ్చాడు. వాళ్ల నాన్న కిరాణా ఓబుళేశు పోయి ఏడాది నిండుతోంది. సంవత్సరీకం పత్రికతో పాటు, ఇంట్లో జరగబోయే శుభకార్యాల పత్రికలన్నింటిలోనూ నాన్న పేరు ముందు 'కీ.శే.' పెట్టమన్నాడు. చాంద్ ఫోల్డర్ మొత్తం ఎంచుకుని, 'శ్రీ ఓబుళేశు' ఉన్న చోటల్లా 'కీ.శే. ఓబుళేశు' పెట్టమని కంప్యూటర్‌కు చెప్పి, 'రీప్లేస్ ఆల్' మీట నొక్కి, సేవ్ చేసి, టీకి పోయాడు.

అహోబిలం నరసింహుణ్ణి కొలిచే ఈ సీమలో వీధికో ఓబుళేశు ఉంటాడని చాంద్‌కు చిన్నప్పటి నుంచీ తెలుసు. కంప్యూటర్‌కు తెలియదు. ఏ కరువూ చేయలేని పని ఒక మీట చేసింది. వేంపల్లె చుట్టుపక్కల ఓబుళేశులందరూ ఏకకాలంలో దివంగతులయ్యారు.

మధ్యాహ్నం మోటార్ల ఓబుళేశు, ఆయన భార్య ఓబులమ్మ తమ కూతురు శివాని పెళ్లి పత్రిక ప్రూఫు చూసుకోవడానికి వచ్చారు. బోరు మోటార్లు బాగుచేసే ఆయన కాగితాన్ని కూడా మోటారులాగే అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఏమప్పా చాంద్, నేను పోయి ఎన్నాళ్లయింది?”

చాంద్ నవ్వుతూ కాగితం అందుకుని, నవ్వు ఆపేశాడు.

“కన్యాదానం ఎవరు చేస్తారంట?” అంది ఓబులమ్మ. “ఒంటిమిట్ట గుళ్లో పెళ్లి పీటల మీద నేనొక్కదాన్నే కూచోవల్లా?”

ఈ ఒక్క పత్రికే అయితే ఒక్క మాట దిద్దితే సరిపోయేది. కానీ సాయంత్రానికి బోలెడన్ని ఫైళ్లు కడప ప్రెస్సుకు పోవాలి. వాటిలో ఏ ఒక్క బతికున్న మనిషి పోయినట్టు అచ్చయినా ఇక చాంద్ గడప తొక్కేవాళ్లుండరు. అన్‌డూ చేద్దామంటే ఫైళ్లు ఎప్పుడో మూసేశాడు. మొత్తాన్ని తిరగేసి మారిస్తే, కిరాణా ఓబుళేశుతో పాటు ఏనాడో పోయినవాళ్లు కూడా లేచి వస్తారు. అది ఇంకా ప్రమాదం.

అప్పుడు గుర్తొచ్చింది. ఒక మాట ఉన్న లైన్లను మాత్రమే అన్ని ఫైళ్లలో నుంచీ ఏరి ఒకేచోట చూపించే సదుపాయం అతను వాడే ఎడిటర్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. అక్కడ దిద్దితే ఎక్కడి లైను అక్కడ మారుతుంది. ఇన్నాళ్లూ అతనికి దానితో పని పడలేదు.

లైన్లు తెరమీదికి వచ్చాయి. ఓబులమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది. చిత్రగుప్తుడి కొలువు కాసేపు బస్టాండు వెనక్కి మారింది. చాంద్ ఇంటిపేరూ ఊరూ చదువుతుంటే ఆమె తీర్పు చెప్పసాగింది.

“ఆ యప్ప ఉండాడు. పొద్దున గూడా సంతలో ఎవరితోనో కొట్లాడతాండె.”

“మరి ఈయన, అక్కా?”

“పోయినాడు. శానా మంచోడు. అట్లే ఉండనీ.”

ఒకాయన సంగతి మాత్రం ఆమెకూ తేలలేదు. ఆ ఇంటికి ఫోన్ చేసింది. ఆయనే ఎత్తాడు.

“ఉండాడు,” అంది, ఫోన్ పెట్టేసి.

మోటార్ల ఓబుళేశు తన లైనును రెండుసార్లు చదివించుకున్నాడు. చాంద్ సేవ్ చేసి, ఫైళ్లన్నీ మళ్లీ తెరిచి చూసి, చెంబెడు నీళ్లు తాగాడు. ఉన్నవాళ్లు ఉన్నారు, పోయినవాళ్లు పోయారు.

“పద, బతికినావు,” అంది ఓబులమ్మ మొగుడితో. “ఇంట్లో శానా పని ఉండాది.”

నాటి నుంచి చాంద్ ముందు లైన్లన్నీ ఏరి పెట్టుకుంటాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని, మొదటి నుంచి చివరి దాకా పెదవులు కదుపుతూ చదువుతాడు. ఆ తర్వాతే మీట. చూసినవాళ్లు అల్లాకు దువా చేస్తున్నాడనుకుంటారు. అతను కాదనడు.

శివాని పెళ్లి పత్రిక చక్కగా వచ్చింది. అందుకున్నవాళ్లు ముహూర్తం టైమూ, భోజనాలెక్కడో చూసుకున్నారు. పెద్దల పేర్లు ఎవరూ చదవలేదు.