పాత కాయితాల గది తెరిచిన రోజులు

ఆత్మకూరు మిషన్ కాంపౌండులో ఉన్న పాత కాయితాల గదిని ఊరి జనానికి తెరిపించింది నేను. ఈ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటమేమీ లేదు. తొంభైల్లో మాట ఇది. అప్పట్లో నేను అదే కాంపౌండులో ఉన్న బాలికల హైస్కూల్లో తెలుగు టీచరుని.

చర్చి వెనక ఒకప్పుడు మిషనరీ దొరలు కాపురమున్న బంగళా ఉండేది. దాని పక్కగదిలో రేకు పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండేవి. దొరలు వెళ్లిపోయాక ఉదయగిరి బంగళాలో ఉన్న పెట్టెల్ని కూడా లారీలో తెచ్చి ఆ గదిలోనే పడేశారని విన్నాను. చర్చి మీటింగుల కాయితాలు, బడి రిజిస్టర్లు, ఉత్తరాలు, మందపాటి అట్టలకు అంటించిన గ్రూప్ ఫోటోలు, అన్నీ అందులోనే. గదికి తాళం. ఆ తాళంచెవి చర్చి కమిటీ సెక్రటరీ దగ్గర. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. నేను ఉదయగిరిలో చదువుకునేటప్పుడు నాకు లెక్కలు చెప్పింది ఆయనే.

స్కూలు వార్షికోత్సవానికి పాత ఫోటో ఒకటి కావాలంటే ఆ గదిలోకి మొదటిసారి వెళ్లాను. పెట్టె మూత ఎత్తగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. లోపల ఉదయగిరి బోర్డింగ్ స్కూలు పిల్లలు. పొట్టిచేతుల జాకెట్లు, లంగా ఓణీలు, బిగించి వేసిన జడలు, ఒక్కరి మొహంలోనూ నవ్వు లేదు. మా అమ్మ కూడా ఆ బోర్డింగులోనే చదువుకుంది. నేను నాకు కావాల్సిన ఫోటో సంగతి మర్చిపోయి, కింద కూర్చుని మా అమ్మ కోసం వెతికాను. దొరికింది. రెండో వరసలో, పక్కమ్మాయి జడ పట్టుకుని నిలబడి ఉంది. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే ఒకటే ఆలోచన. ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఎంతమంది అమ్మలు, అవ్వలు ఆ పెట్టెల్లో ఉన్నారో! వాళ్ల పిల్లలకు ఆ సంగతే తెలియదు.

తర్వాతి కమిటీ మీటింగుకి అనుమతి అడిగి వెళ్లాను. శనివారం మధ్యాహ్నాలు గది తెరుస్తాం, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు, నేను కూర్చుంటాను అని చెప్పాను. సెక్రటరీ సార్ వెంటనే అడ్డం తిరిగారు.

"ఎవురుబడితే వాళ్లు వచ్చి చూడ్డానికి అదేమన్నా సంతామ్మా? అవి పాతవి. చెయ్యి తగిల్తే చినిగిపోతాయి."

"తాళమేసి పెడితే చెదలు తింటాయి సార్. అప్పుడెవుర్ని అడుగుతారు?"

"ఎవురన్నా ఎత్తుకపోతే?"

"సార్, ఆ ఫోటోల్లో ఉండేది వాళ్లోళ్లు. వాళ్లోళ్లని వాళ్లకు చూపించకుండా మనం దాచిపెట్టి ఏం చేస్తాం?"

పాస్టరయ్యగారు నవ్వి, "అమ్మాయి మీ దగ్గర చదువుకున్నదే గదా సార్, లెక్క తప్పదులే" అన్నారు. దాంతో కొన్ని షరతులతో ఒప్పుకున్నారు. చేతులు కడుక్కుని రావాలి. గదిలోనే చూడాలి. ఒక్క కాయితం కూడా గడప దాటకూడదు. ఆ చివరి షరతు సార్ రెండుసార్లు చెప్పి రాయించారు.

మొదట్లో ఎవరూ రాలేదు. బెంచీ, బల్ల వేసుకుని, నీళ్ల బకెట్టు, తువ్వాలు పెట్టుకుని ఒక్కదాన్నే కూర్చునేదాన్ని. కొందరు వాకిటిదాకా వచ్చి, చెప్పులు విడిచి, లోపలికి తొంగి చూసి వెళ్లిపోయేవాళ్లు. అది ఆఫీసనుకున్నారు. ఆఫీసంటే మా వైపు జనానికి ఎవరో ఒకరి సిఫార్సు ఉండాలి. అందుకని అట్టముక్కల మీద పెద్ద అక్షరాలతో రాయించి బస్టాండులో, మార్కెట్లో, డిపో ఎదురుగా ఉన్న దోసెల అంగడిలో కట్టించాను: "మిషన్ కాంపౌండులో పాత ఫోటోలు, కాయితాలు చూడవచ్చు. అందరూ రావచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు."

ఆ అట్ట చదివి మొట్టమొదట వచ్చింది మా చర్చివాళ్లు కాదు. బజారులో పప్పుల హోల్‌సేల్ అంగడి నడిపే ఒక పెద్దాయన. నుదుట బొట్టు, భుజాన కండువా. వాకిట్లో నిలబడి, "మేం చర్చివాళ్లం గాదు గదా టీచరమ్మా, మేం రావచ్చునా?" అన్నాడు.

"అందరూ అంటే అందరూనే. రాండి, చేతులు కడుక్కోండి."

ఎవరో దొర తీసిన బజారు ఫోటో ఒకటి ఉంటే చూపించాను. అందులో ఆయన అంగడి బోదగడ్డి కప్పుతో ఉంది. ముందర ఎద్దుబండి, బండి పక్కన తలపాగా చుట్టుకున్న మనిషి. పెద్దాయన చాలాసేపు చూశాడు. "మా తాత" అన్నాడు. మరుసటి వారం అన్నదమ్ములిద్దర్నీ, కోడళ్లనీ వెంటబెట్టుకొచ్చాడు. గదిలో బెంచీ చాలక నేల మీద కూర్చున్నారు. వ్యాపారులు ఆ మాటా ఈ మాటా గిరాకీలకు చెప్పేవాళ్లు కాబట్టి ఇక నేను అట్టలు కట్టాల్సిన పని లేకపోయింది. మర్రిపాడు నుంచి, కలిగిరి నుంచి కూడా రావడం మొదలుపెట్టారు.

అలా ఒక శనివారం దోసెల అంగడి ఆమె వచ్చింది. డిపో డ్రైవర్లు, కండక్టర్లు అందరూ ఆమెను దోసెలక్క అనేవాళ్లు. నేనూ అక్కా అనే పిలిచేదాన్ని. నలభై దాటిన మనిషి, గట్టి గొంతు. ఆ రోజు మాత్రం గొంతు తగ్గించి మాట్లాడింది.

"టీచరమ్మా, నేను పాకే బిడ్డగా ఉన్నప్పుడే మా అమ్మ జొరమొచ్చి పోయినాది. మా నాయన లారీ డ్రైవరు. ఇంట్లో ఫోటో అనేదే లేదు. మా అమ్మ మొహం నాకు తెలీదు. ఉదయగిరి బోర్డింగులో చదివినాదంట. ఆమె ఈడ ఉండాదేమో చూస్తావా?"

బోర్డింగు ఫోటోలన్నీ బల్ల మీద పరిచాను. వెనక పేర్లు రాసినవి కొన్నే. ఆమె అమ్మ చదివిన కాలానికి సరిపోయే పెద్ద ఫోటో ఒకటి ఉంది కానీ దాని వెనక ఏమీ లేదు. దోసెలక్క ఒక్కో మొహం మీదా ఆగింది. కూర్చున్న వరసలో, తలలో పూలు పెట్టుకున్న ఒకమ్మాయి దగ్గర ఆగిపోయింది.

"ఈ పాప ముక్కు నా ముక్కు మాదిరి లేదూ?"

నాకు అలా అనిపించలేదు. అవునని చెప్పి పంపించేయడం తేలికే. చెప్పలేదు. "మీ అమ్మను ఎరిగినవాళ్లు ఎవరన్నా ఉండారా అక్కా?" అని అడిగాను.

"మా అమ్మ పక్కన కూర్చొని చదువుకున్న పెద్దామె ఉండాది. ఉదయగిరిలోనే. కాకపోతే తుంటెముక విరిగి మంచానపడినాది. బస్సెక్కలేదు."

ఆ పెద్దామె ఇక్కడిదాకా రాలేని మనిషి. ఫోటో గడప దాటకూడదు. ఆ సాయంత్రం నేను సార్ ఇంటికి వెళ్లి విషయం చెప్పాను.

"నియమం పెట్టినప్పుడు నువ్వు సంతకం పెట్టలేదా?" అన్నారు.

"పెట్టినాను సార్. ఫోటో పాడవకూడదని గదా ఆ నియమం. ఆ పెద్దామె చూడకుండానే పోతే, అందులో ఎవరు ఎవరో చెప్పే మనిషి ఇంక ఉండరు. అప్పుడు ఫోటో నిగనిగలాడతా ఉన్నా ఏం లాభం?"

నేను లేచి గేటు దాకా వచ్చాక వెనక నుంచి పిలిచారు. "సోమవారం స్కూలు సెలవే గదా? పొద్దున బస్సుకు పోదాం. ఫోటో మాత్రం నా వొళ్లోనే ఉంటాది."

సోమవారం ముగ్గురం ఉదయగిరి బస్సెక్కాం. సార్ ఆ ఫోటోని ఉతికిన పంచెలో చుట్టి, రెండు చేతులతో గుండెకు ఆనించి పట్టుకున్నారు. బస్సు కిక్కిరిసి ఉంది. కండక్టర్ దారి చేసుకుంటూ వచ్చి, "సార్, ఆ పలకేదో పైన పెట్టండి, టిక్కెట్టు కొట్టాల" అన్నాడు.

"పలక గాదయ్యా, మనుషులుండారు ఇందులో" అన్నారు సార్. ఆ కండక్టర్ ఏమనుకున్నాడో గానీ వెనక్కి పోయాడు. దోసెలక్క కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది. ఉదయగిరి కొండ కనిపించగానే చీర కుచ్చిళ్లు సర్దుకుని, మొహం తుడుచుకుంది, ఎవరివో పెళ్లిచూపులకు వెళ్తున్నట్టు.

పెద్దామె కొండకింద వీధిలో పెంకుటింట్లో నులకమంచం మీద ఉంది. మనిషి బక్కగా ఉన్నా గొంతు ఖంగుమంటోంది. దోసెలక్క ఎవరి కూతురో చెప్పగానే దగ్గరికి లాక్కుని తల నిమిరింది. సార్ పంచె విప్పి ఫోటో చూపించారు.

"ఆడ గాదు, వెలుతురు ఈడుండాది. ఇట్ట పట్టు." సార్ వంగి, అలాగే పట్టుకున్నారు. ఆమె వేలు మొదటి వరస నుంచి కదిలింది. ఒక్కొక్కరి పేరూ చెప్తోంది. ఎవరిది ఏ ఊరో, ఎవరు నర్సయ్యారో, ఎవరు బిడ్డల తల్లులై ఎక్కడ స్థిరపడ్డారో.

దోసెలక్క ఆగలేకపోయింది. పూల అమ్మాయిని చూపించి, "ఇదేనా అవ్వా మా అమ్మ?" అంది.

"అది నేనే! నా ముక్కు తెలీలా?" అని పెద్దామె పకపకా నవ్వింది. "మీ అమ్మ ఇదో, వెనకాల. అందరికంటే పొడుగ్గా ఉండాదే, అది."

వెనక వరసలో చివరన పొడుగాటి అమ్మాయి. కోలమొహం. నిటారుగా నిలబడి ఉంది. కళ్లు మూసుకుని ఉంది.

"దొరసాని కదలొద్దనింది, కళ్లార్పొద్దనింది. మీ అమ్మ బిగబట్టుకొని, బిగబట్టుకొని సరిగ్గా అప్పుడే మూసేసినాది. ఫోటో వచ్చినాక చూసుకొని అన్నం తినకుండా ఏడ్చినాది."

దోసెలక్క ఫోటో మీదికి వంగింది. ఏడవలేదు. కొంచెంసేపటికి, "కళ్లెట్టుండేయవ్వా?" అని అడిగింది.

"పెద్దయి. నవ్వితే సగం మూసుకుపొయ్యేయి. నీయి అయ్యి గాదులే. నీయి మీ నాయనయి."

దోసెలక్క నా వైపు తిరిగింది. "మా పెద్దపాప కంటే చిన్నది గదా టీచరమ్మా, మా అమ్మ" అంది. తలాడించాను.

సార్ జేబులోంచి పెన్సిలు తీసి పేర్లు రాసుకోవడం మొదలుపెట్టారు. "మూడో వరసది ఇంకోసారి చెప్పవ్వా" అన్నారు.

"అవ్వంటావేంది! నీకూ నాకూ ఎంత తేడా ఉండాదని?"

సార్ మొహం ఎర్రబడింది. "సరే అక్కా, చెప్పు" అన్నారు. మేం ముగ్గురం నవ్వుతుంటే ఆయన కూడా నవ్వారు. సార్ నోరారా నవ్వడం నేను చూసింది అదే మొదలు. బయల్దేరేటప్పుడు పెద్దామె నా చెయ్యి పట్టుకుని, "ఈ ఫోటో నాకూ ఒకటి తెప్పియ్యమ్మా. నేనట్ట ఉండేదాన్నని ఈ ఇంట్లో ఒక్కరూ నమ్మరు" అంది.

తిరుగు బస్సులో సార్ చాలాసేపు ఆలోచించి, "ఇంకా విప్పని పెట్టెలుండాయి గదమ్మా. ఏదో ఒకదాంట్లో కళ్లు తెరిచి ఉండదా?" అన్నారు.

అప్పటినుంచి శనివారం నాకంటే ముందే ఆయన గదిలో ఉండేవారు. చొక్కా చేతులు మడిచి, మెత్తటి గుడ్డతో ఒక్కో ఫోటో తుడిచి, భూతద్దం పెట్టి చూసేవారు. నేను వచ్చినవాళ్లకు కావాల్సినవి తీసి చూపిస్తుంటే, ఆయన మూలన కూర్చుని పొడుగాటి అమ్మాయి కోసం వెతికేవారు. వారాలు గడిచాయి. నేను ఆశ వదులుకున్నాను, ఆయన వదులుకోలేదు.

దొరికింది ఆయనకే. కోతపండగ ఫోటో అది. చర్చి మెట్ల మీద జొన్నకంకులు, గుమ్మడికాయలు, కోళ్లబుట్టలు. మెట్ల పక్కన గుమ్మడికాయ చంకనెత్తుకుని పొడుగాటి అమ్మాయి నవ్వుతోంది. సార్ నాకు ఒక్క మాట కూడా చెప్పకుండా ఎండలో డిపో దాకా నడుచుకుంటూ వెళ్లారు. దోసెలక్క పెనం మీద పిండి తిప్పుతోందట. "రామ్మా, దొరికినాది" అన్నారట. ఆమె అట్లకాడ పక్కన పడేసి వచ్చేసింది. దోసె మాడిపోయిందో ఏమైందో, తినేవాళ్లు ఇద్దరు కూడా ఆమె వెనకే వచ్చారు.

ఆమె భూతద్దం పట్టుకుని చూసింది. "అవ్వ చెప్పినట్టే ఉండాయి. సగం మూసుకుపోయినాయి." ఆ మాట అంటూనే భోరుమని ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, తన వెంట వచ్చిన ఇద్దరినీ పిలిచి వాళ్లకు కూడా చూపించింది.

తర్వాతి కమిటీ మీటింగులో గడప దాటకూడదన్న ఆ చివరి షరతు కొట్టేయించింది సారే. నేను నోరు తెరిచే అవసరం రాలేదు. బజారులో స్టూడియో అతన్ని గదికే పిలిపించి అడిగినవాళ్లకు కాపీలు తీయించాం. మొదటి కాపీలు దోసెలక్కకీ, ఉదయగిరి పెద్దామెకీ. పేర్లు తెలియని ఫోటోలను అప్పుడప్పుడూ ఉదయగిరి తీసుకెళ్లి, ఆరాధన అయ్యాక చర్చిలో చాపల మీద పరిచి, తెలిసినవాళ్ల చేత చెప్పించాలని కూడా నిర్ణయమైంది.

అలా మొదటిసారి వెళ్లినప్పుడు పెద్దామెను మంచంతో సహా నలుగురు మోసుకొచ్చి చాపల పక్కన దించారు. చర్చి నిండా జనం. ముసలివాళ్లు ఒకరినొకరు సవరించుకుంటూ, వాదించుకుంటూ, పోయినవాళ్లను తలుచుకుంటూ ఒకటే గోల. ఒకామె తన పెళ్లిముందు ఫోటో చూసుకుని కొంగు అడ్డం పెట్టుకుంది. సార్ మధ్యలో గొంతుక్కూర్చుని, చెప్పినవి చెప్పినట్టు రాసుకుంటున్నారు. మధ్యాహ్నం దాటిపోయింది. పెద్దామె గొంతు బొంగురుపోయింది. సార్ మంచం దగ్గరికి వెళ్లి, "ఇంక చాలునా అక్కా? అలిసిపోయినావు. మళ్లీ వస్తాంలే" అన్నారు.

"నాకేం అలుపు? ఇంకో పెట్టె తెచ్చినామన్నావే, అది తియ్యి ముందు" అంది పెద్దామె.