మా అత్తకు పెట్టుబడి పెట్టినవాళ్ళు

మా అత్త పోయింది. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు ఇన్నేళ్ళు రొట్టెల కొట్టం నడిపిన మనిషి, మా ఆయనను కన్న తల్లి, పోయిన సోమవారం తెల్లవారుజామున నిద్రలోనే కన్నుమూసింది. మేము ఎవరికీ కబురు పెట్టకముందే గేటు దాకా తెలిసిపోయింది. చెరుకు బండి తోలినవాళ్ళలో ఆమె చేతి రొట్టె తిననివాళ్ళు తక్కువ.

పలకరించడానికి వచ్చినవాళ్ళంతా పాపం అంటున్నారు. మొగుడు పోయిన మనిషి, రొట్టెలు కాల్చుకుని బతికింది పాపం అని. వడ్డీ సావుకారి కొడుకైతే ఇంకాస్త ముందుకుపోయి, తన తండ్రి పెట్టుబడి పెడితేనే ఆ కొట్టం లేచిందని మా ఇంట్లో కూర్చునే చెప్పాడు. ఏడుస్తున్నదాన్ని కదా, ఊరుకుంటాననుకున్నాడేమో. ఊరుకోలేదు. అక్కడ నోటితో చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ఆ కొట్టంలో సావుకారి పైసా ఒక్కటి లేదు. మా అత్తను పాపం అనే హక్కు కూడా ఎవరికీ లేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటేడు నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. చెరుకు బండి తోలే మా మామ చనిపోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. అత్త పొద్దున్నే పోయి ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చునేది. చీకటి పడేదాకా ఊరికే కూర్చునేది. బెంగతో మతి చెడిందని వాడకట్టంతా అనుకుంది. కొత్త కోడలిని, నేనూ అదే అనుకుని భయపడ్డాను. చెరుకు సీజనంతా అట్లా కూర్చుని, ఆఖరున లేచి వచ్చి, గేటు ముందు రొట్టెల కొట్టం పెడుతున్నానని చెప్పింది. చెరుకు తూచే కాంటా దగ్గర బండ్లు ఎంతసేపు ఆగుతాయో, ఇంటి నుంచి తెచ్చుకున్న సద్ది ఎప్పుడు అయిపోతుందో, ఆ తర్వాత మనుషులు ఏం తిని పడుకుంటారో ఆమె కళ్ళారా చూసింది. ఇంకొకటి కూడా చూసింది. బండోళ్ళకు కిరాయి చేతికొచ్చేది సీజన్ చివర్లో. అప్పటిదాకా ఆకలి ఉంటుంది, పైసలుండవు.

అంటే ఉద్దెర పెట్టాలి, పైసలు తర్వాత తీసుకోవాలి. ఉద్దెర పెట్టాలంటే సీజనంతటికీ సరిపడే జొన్నలు ముందే కొనాలి. ఆ సంగతి పసిగట్టి సావుకారి తనంతట తానే వచ్చాడు. ఇల్లు కుదువ పెట్టి కావలసినంత తీసుకొమ్మన్నాడు. అత్త ఆయనకు చాయ్ పోసి, తాగేదాకా ఆగి అడిగింది.

"పైసలు నీయి, చెమట నాది. నష్టమొస్తే ఇల్లు మాత్రం నాదే పోవాలె. గిదేం పొత్తు, సావుకారీ?"

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు. ఆయన పెట్టిన పెట్టుబడి ఆ ఖాళీ గ్లాసు మాత్రమే.

మరుసటి సీజన్ మొదలవబోతోంది, కొత్త జొన్నలు ఇళ్ళకు చేరే రోజులవి. అత్త ఊరూరూ తిరిగి బండోళ్ళను కలిసింది. మీ దగ్గర ఇప్పుడు పైసలు లేవు గాని జొన్నలున్నాయి, బండికి రెండు కుంచాలు ముందుగా ఇవ్వండి, సీజనంతా గేటుకు వచ్చినప్పుడల్లా రొట్టె, పప్పు, తొక్కు పెడతానని చెప్పింది. ఒక కుంచం వాళ్ళ రొట్టెలకు, రెండోది అమ్మి పప్పుకు, కట్టెలకు, మా కూలికి. చాలామంది నవ్వారు. మామతో కలిసి బండి తోలిన వర్ని ఊరాయన ముందుగా కొలిచి ఇచ్చాడు. ఆయనను చూసి మిగతావాళ్ళు ఇచ్చారు. మా అత్తకు పెట్టుబడి పెట్టినవాళ్ళు వీళ్ళు.

కొట్టంలో పని చేసినందుకు అత్త నాకు వారం వారం కూలి ఇచ్చేది. కోడలికి కూలేమిటని వాడకట్టు ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. నాకూ సిగ్గనిపించి వద్దన్నాను. "మన కూలి లెక్కేయకుంటే రొట్టె ధర ఎట్ల తెలుస్తది, పిల్లా? అప్పుడు గది దుకాణం కాదు, అన్నదానం" అంది. ఆమె కూలి కూడా ఆమె తీసుకునేది. దానికి మించి గల్లాలో చెయ్యి పెట్టేది కాదు, కొడుకును పెట్టనిచ్చేది కాదు.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. కాలువలో నీళ్ళు లేక చెరుకు పలచబడి, సగం సీజన్‌కే గేటు మూతపడింది. మా ఇంట్లో బండోళ్ళ జొన్నల బస్తాలు అట్లాగే ఉన్నాయి. కరువుకు జొన్నల ధర మండిపోతోంది. సావుకారి మళ్ళీ వచ్చి, ఉన్నపళంగా అన్నీ కొంటానన్నాడు. గేటు మూతపడితే నీ తప్పేముంది, ఎవరడుగుతారని నచ్చజెప్పాడు. మా ఆయన బండికి ఇంకా వేరే పని దొరకలేదు, ఇంట్లో పసిపిల్ల ఉంది. అమ్ముదామన్నాడు మా ఆయన. ఆ పైసలొస్తే వానాకాలం గడిచిపోతుంది, లేకపోతే పస్తులే.

"గవి మన జొన్నలు కావురా. వాళ్ళింకా తినని రొట్టెలు" అంది అత్త.

అని, ఆ బండ్లు ఇప్పుడు ఎటు పోతున్నాయని అడిగింది. అమ్మడానికి పసుపు వేసుకుని నిజామాబాద్ గంజ్‌కు పోతున్నాయని మా ఆయన చెప్పాడు. పెనం, బస్తాలు మా బండికెత్తించి, నన్నూ పిల్లనూ ఎక్కించి బయలుదేరింది. గంజ్ ఎదుట ఒక తాటిపత్రి పట్టా కట్టి పొయ్యి పెట్టింది. మన బండోళ్ళు గుర్తుపట్టి వచ్చి తినసాగారు. రెండోనాడే పక్కనున్న హోటలాయన మీదికొచ్చాడు. ఎవలనడిగి దుకాణం పెట్టినవని గద్దించాడు. అత్త రొట్టె తిరగేస్తూ తలెత్తకుండానే జవాబిచ్చింది.

"నేను అమ్మతలేనన్నా. బాకి తీరుస్తున్న. తీరినంక లేచిపోత."

బాకీ తీర్చేవాళ్ళను ఎవరు కాదంటారు? ఆయన గొణుక్కుంటూ పోయాడు. వాసన పట్టి హమాలీలు వచ్చారు, సిరికొండ దిక్కు నుంచి పసుపు తెచ్చిన రైతులు వచ్చారు. వాళ్ళ దగ్గర నగదు తీసుకుంది. బాకీ ఎప్పుడు తీరిందో అత్త ఎవరికీ చెప్పలేదు, లేవనూ లేదు. ఆ తర్వాత ప్రతి ఏడూ చెరుకుకు బోధన్, పసుపుకు నిజామాబాద్. "సీజన్ల ఎవలైన నడుపుతరు. గేటు బందైనంక నడిచేదే దుకాణం" అనేది. బ్యాంకులు సర్కారు చేతికొచ్చాక ఒక ఆఫీసరు వచ్చి లోను ఇస్తానంటే, గేటు బందున్న నెలల్లో వడ్డీ కూడా బందుంటదా అని అడిగింది. ఆయన నవ్వి, ఉండదమ్మా అన్నాడు. అయితే వద్దంది.

ఇప్పుడు ఆమె సీజన్ మధ్యలో పోయింది. ఈ ఏటి బండోళ్ళ జొన్నలు మా ఇంట్లో ఉన్నాయి. మూడోనాడు నేను కొట్టానికి బయలుదేరుతుంటే మా ఆడబిడ్డ అడ్డం నిలబడింది. దినాలు కాకుండా పొయ్యి ముట్టించుడేంది, మైల ఇంటి రొట్టె ఎవలు ముట్టుకుంటరు అంది. ఆమె మాట తప్పని నేననను. నాకూ ఆ భయం లేకపోలేదు.

"తినకుంటే మానె వదినె. వాళ్ళ జొన్నలు వాళ్ళకు వాపస్ ఇస్త. మొండిచెయ్యి మాత్రం సూపెట్ట" అని పిండి గంప ఎత్తుకున్నాను.

పొయ్యి ముట్టించాను. గేటు దాకా బండ్లు వరుసగా ఆగి ఉన్నాయి. మనుషులు బండ్ల మీదే కూర్చుని నావైపు చూస్తున్నారు, ఒక్కరూ దిగరు. కాల్చిన రొట్టెలు గంపలో పేరుతున్నాయి. పొగకు కళ్ళు మండుతున్నాయో, ఏడుస్తున్నానో నాకే తెలియదు. అంతలో ఈ ఏడే కొత్తగా జొన్నలిచ్చిన పడుచువాడొకడు బండి దిగి, కుండలో నీళ్ళు ముంచి చేతులు కడుక్కుని, నా ముందు కూర్చున్నాడు.

"అక్కా, తొక్కు జర ఎక్కువెయ్యి" అన్నాడు.

వాడి వెనక ఒకరు, వాళ్ళ వెనక ఇంకొకరు దిగారు. అందరూ చేతులు కడుక్కున్న నీళ్ళు దుమ్ములో పాయలు కట్టి పొయ్యి గడ్డల దాకా పారాయి. ఆ రోజు తెచ్చిన పిండి చాలలేదు.