పోస్టుమాస్టరు గొంతు

సైనిక్‌పురిలో సువార్తమ్మ మధ్యాహ్నం పూట గడప దాటడం మానేసింది. దూరదర్శన్ రోజుల నాటి సీరియల్‌ని టీవీలో మళ్ళీ వేస్తున్నారు. కాలనీలో ఆడవాళ్ళంతా అప్పట్లాగే దాన్ని విడవకుండా చూస్తున్నారు. ఆమెకు మాత్రం కథతో పని లేదు. నిరుడు పోయిన భర్త జ్ఞానశేఖర్, రైల్వే ఆఫీసులో పనిచేస్తూనే, అందులో ఒక్క భాగంలో పోస్టుమాస్టరుగా వేశాడు. అది ఎన్నో భాగమో గుర్తులేదు. ఆయన గొంతు కూడా ఈమధ్య సరిగా గుర్తుకు రావడం లేదు. ఒక్కసారి వింటే చాలనుకుంది. అసలే కరెంటు కోతల రోజులు, ఆ సమయానికే పోతుందేమోనని టీవీ ముందు అటూ ఇటూ తిరుగుతూ ఉండేది.

"జెర కూసో అక్కా. నువ్వు గిట్ల తిరిగితే కరెంటు సుత పరేషాన్ అయితది," అంది పక్కింటి కమలాబాయి.

ఆ రోజు తెర మీద పోస్టాఫీసు కనబడింది. బల్ల వెనక, కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, జ్ఞానశేఖర్. సువార్తమ్మ టీవీకి దగ్గరగా జరిగింది. ఆయన నోరు తెరిచాడు. గొంతు ఇంకెవరిదో.

అప్పుడు గుర్తొచ్చింది. మాటలు తర్వాత విడిగా రికార్డు చేసేవాళ్ళు. ఆ రికార్డింగు రోజున ఆయనకు జ్వరం వస్తే, ఆయన మాటలు వేరెవరో చెప్పేశారు.

"అచ్చం బావ మాట్లాడినట్టే ఉన్నదక్కా," అంది కమలాబాయి కళ్ళు తుడుచుకుంటూ.

సువార్తమ్మ చటుక్కున ఆమె వైపు తిరిగింది. రోజూ విన్న మనిషికే తేడా తెలియకపోతే, రేపు తనకు మాత్రం తెలుస్తుందా? ఈ గొంతే మనసులో కుదురుకుంటే? గబగబా రిమోట్ నొక్కి శబ్దం పూర్తిగా తగ్గించేసింది. ఆయన పెదవులు కదులుతుంటే అలాగే చూస్తూ కూర్చుంది.