మాబాషా అన్న రెండు వైపులా తీసిన ఫొటోలు

నిన్న పొద్దున స్కూల్‌కి రెడీ అవుతుంటే వాట్సాప్ స్టేటస్‌లో మాబాషా అన్న ఫొటో కనిపించింది.

పుట్టినరోజేమో అనుకున్నాను. కింద రాసింది చదివాక కుర్చీలో కూర్చుండిపోయాను.

గుండెపోటట. ఇంట్లోనే, టీ తాగుతూ. నలభై ఆరేళ్లు.

నిజం చెప్పాలంటే నాకు వచ్చిన మొదటి ఆలోచన ఆయన గురించి కాదు. ఇక మా శాము ఫోన్ ఎవరు చూస్తారు అని. సిగ్గుగానే ఉంది. అయినా రాస్తున్నాను.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. శాము మా తమ్ముడు, శామ్యూల్. సర్టిఫికెట్‌లో మేధో వైకల్యం అని ఉంటుంది. చదవడం కష్టం, కానీ ఒకసారి చూసింది మరిచిపోడు. ఓపెన్ స్కూల్లో ఇంటర్ పాసై నంద్యాలలో డిగ్రీలో చేరాడు.

మేం ఉండేది ఆళ్లగడ్డలో. రోజూ బస్సు. నాకు స్కూల్, నాయనకు పొలం, అమ్మకు మోకాళ్ల నొప్పులు. వాడు ఒక్కడే వెళ్లి రాలేకపోతే చదువు మానేయడమే.

దారి చెప్పే యాప్ ఒకటి డౌన్‌లోడ్ చేసిచ్చాను. అందులో ఒకామె ఇంగ్లిష్‌లో మాట్లాడేది. శాము ఆమె ఎక్కడుందా అని చుట్టూ వెతికేవాడు.

బస్టాండ్ దగ్గర మాబాషా అన్న మొబైల్ షాప్. స్క్రీన్ గార్డ్ వేయించడానికి వెళ్లి ఈ గోల చెప్పుకున్నాను.

"ఈయమ్మ ఎప్పుడన్నా ఆళ్లగడ్డ చూసిందా టీచరమ్మా? తీసేద్దాం పా" అన్నాడు.

తీసేసి, ఫొటో నొక్కితే మాట్లాడే యాప్ పెట్టాడు. గంటలో ఇస్తానన్న ఫోన్ నాలుగు రోజులు ఉంచుకునే మనిషి, ఒకరోజు షాప్ మూసి నంద్యాల బస్సెక్కాడు. కిటికీలోంచి దారంతా ఫొటోలు తీసుకొచ్చాడు. ఒక్కో ఫొటోకి తన గొంతు రికార్డ్ చేశాడు.

"ఇది శిరివెళ్లప్పా. దిగొద్దు."

"పెట్రోల్ బంకు కనపడిందా? లేసి నిలబడు. కాలేజీ వస్తాంది."

మొదటి రోజు శాము ఒక్కడే వెళ్లాడు. మధ్యాహ్నానికే వచ్చేశాడు.

అదే బస్సులో. నంద్యాల దాకా వెళ్లి, సీట్లోంచి లేవకుండా వెనక్కి. కండక్టర్ ఎంత చెప్పినా దిగలేదట.

అమ్మ ఏడ్చింది. "చాల్లే నాయనా, ఇంటికాడ ఉండు" అంది.

శాము నేరుగా షాప్‌కి నడిచాడు. నేను వెనకాలే వెళ్లాను.

"బంకు రాలే అన్నా" అన్నాడు.

మాబాషా అన్న నవ్వలేదు. "నువ్వు యాడ కూసున్నావప్పా?"

"డ్రైవర్ ఎనకాల."

ఆయన కాసేపు తల గోక్కున్నాడు. ఫొటోలన్నీ డోర్ వైపు కిటికీలోంచి తీసినవి. మధ్యలో జనం నిలబడి ఉంటే డ్రైవర్ వైపు కూర్చున్నవాడికి ఆ బంకు ఎలా కనిపిస్తుంది? ఇంత చదివిన నాకూ తట్టలేదు.

"తప్పు నాదప్పా. నువ్వు సరిగ్గానే చేసినావ్" అన్నాడు.

శాముతో ఆ మాట అన్న మొదటి మనిషి ఆయనే. అక్కనై ఉండి నేనెప్పుడూ అనలేదు.

మర్నాడు మళ్లీ షాప్ మూశాడు. ఈసారి డ్రైవర్ వైపు కూర్చుని వెళ్లాడు. ఫోన్‌లో రెండు వరసలయ్యాయి, ఏ వైపు కూర్చుంటే ఆ వైపు ఫొటోలు.

ఏడాదిన్నరగా శాము ఒక్కడే కాలేజీకి వెళ్లొస్తున్నాడు.

సెమిస్టర్ మారినప్పుడల్లా క్లాస్ రూములు మారతాయి. మాబాషా అన్న వాడితో పాటు వెళ్లి మెట్లు, వరండా, తలుపు అన్నీ మళ్లీ ఫొటోలు తీసేవాడు. వచ్చే నెల మళ్లీ మారతాయి. నిన్న నాకు ముందు గుర్తొచ్చింది అదే.

నిన్న సాయంత్రం జనాజా. ఆడవాళ్లం వాళ్లింటి దగ్గరే ఉండిపోయాం. శాము నాయనతో కలిసి ఖబరస్తాన్‌కి వెళ్లాడు. దారి పొడుగునా ఫోన్ పట్టుకునే ఉన్నాడట. చావుకొచ్చి ఫొటోలేందిరా అని నాయన కసిరినా ఆపలేదట.

ఈ రోజు పొద్దున ఆ ఫోన్ నా చేతిలో పెట్టాడు.

యాప్‌లో కొత్త వరస ఉంది. ఐదు ఫొటోలు. మూసిన షాప్ షట్టర్. మసీదు. మలుపులో కుళాయి. పచ్చ గేటు. చివరిది కొత్త మట్టి, దాని మీద పూలు.

వాడికి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఆయన చేస్తుంటే పక్కన నిలబడి చూశాడు, అంతే.

చివరి ఫొటో నొక్కాను. శాము గొంతు.

"ఈడ నిలబడాల. అన్న ఈడ ఉండాడు."

నిన్నంతా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

"ఒక్కన్నే పోయొస్తా అక్కా" అన్నాడు. పంపించాను. ఇది రాస్తుండగా తిరిగొచ్చి అన్నం తింటున్నాడు.

మాబాషా అన్నా, వచ్చే నెల కొత్త రూముల ఫొటోలు శామే తీసుకుంటాడట. నువ్వు షాప్ మూసి రానక్కర్లేదు.

నిమ్మళంగా పడుకో అన్నా. నీకు అక్కడ అంతా హాయిగా ఉండాలి.