గుడివాడ బస్టాండులో పోయిన రుమాలు

మా ఆవిడ అలిగి కోడూరులోని పుట్టింటికి వెళ్లి నాలుగు రోజులైంది. కారణం పప్పులో ఉప్పు. నిజానికి ఉప్పు కాదు, ఉప్పు తగ్గిందని నేను విసిరికొట్టిన కంచం. గోడకి ఆ పసుపు మరక ఇంకా ఉంది. ఫోన్ చేసి బతిమాలితే ఒకటే షరతు పెట్టింది.

“దారిలో ఎవరి మీదా అరవకుండా మా ఊరు దాకా రండి. అప్పుడు మీతో వస్తాను.”

ఇదేం పెద్ద పనా అనుకున్నాను. గుడివాడ బస్టాండులో బస్సు ఆగుతూనే అందరిలాగే కిటికీలోంచి రుమాలు వేసి సీటు ఆపుకున్నాను. “అవనిగడ్డ బస్సు ఎక్కుతున్నాను, చాలా ప్రశాంతంగా ఉన్నాను” అని ఆవిడకి చెప్పి, ఫోన్ జేబులో పడేసుకుని, జనాన్ని తోసుకుంటూ ఎక్కాను. నా సీట్లో ఒక పెద్దాయన ఖాళీ చేపలబుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

“లేవండి. రుమాలు వేశాను, అది నా సీటు.”

“ఇక్కడ రుమాలేం లేదండీ.”

అంతే, నాకు ఒళ్లు మండిపోయింది. రుమాలు దాచేశావన్నాను. బుట్ట దులిపి చూపించమన్నాను. వయసుకి తగ్గ బుద్ధి ఉండక్కర్లేదా అన్నాను. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను, వెనక బెంచీ దాకా వినిపించే గొంతు నాది. ఆయన అంతా ఓపిగ్గా విని కిటికీలోంచి బయటికి చూపించాడు.

“గళ్ల రుమాలేనాండీ? అదిగో, బందరు బస్సులో వెళ్తోంది.”

పక్కపక్కనే ఆగిన రెండు బస్సుల్లో నేను ఒకదాంట్లో రుమాలు వేసి ఇంకోటి ఎక్కాను. బస్సంతా నవ్వింది. ఆ నవ్వుల మధ్య నా జేబులోంచి “ఏవండీ” అని సన్నగా వినిపించింది. ఫోన్ కట్ చేయడం మర్చిపోయాను.

“మొత్తం విన్నాను. ఆయనకివ్వండి ఫోను.”

ఇచ్చాను. ఇక ఆవిడ రాదని తేలిపోయింది. ఆయన “అలాగేనమ్మా, అలాగే” అని ఫోన్ తిరిగిచ్చి, బుట్ట కాళ్ల దగ్గర పెట్టుకుని పక్కకి జరిగాడు.

“కూర్చోండి మాస్టారూ. మీకు బీపీ ఉందంట, నిలబెట్టొద్దని చెప్పింది అమ్మాయి.”

అవన్నీ విన్నాక కూడా ఆవిడ చెప్పింది ఆ మాట. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయన్ని క్షమించమని అడగడానికి పామర్రు దాకా పట్టింది.

అవనిగడ్డలో కోడూరు బస్సు కిటకిటలాడుతోంది. వేయడానికి రుమాలు లేదు, నిలబడ్డాను. ఆవిడకి ఫోన్ చేసి, ఈసారి కావాలనే కట్ చేయకుండా జేబులో పెట్టుకున్నాను. ఒకాయన నా కాలు గట్టిగా తొక్కాడు.

“పర్వాలేదండీ” అన్నాను, వెనక బెంచీ దాకా వినిపించేలా.

జేబులో ఆవిడ నవ్వింది.